అయస్కాంత లేఖనము: వేగము, నిలకడ

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయము తెరచిన సంవత్సరమున నేను కళాశాల విద్యార్థిని. సెలవులకు వచ్చినప్పుడెల్ల ఈ వసారాలోనే కూర్చుండి పత్రికలు చదివెడివాడను. తరువాత ఊరు విడిచి, పదార్థములలోని అయస్కాంతగుణము ఎట్లు దిశ మారునో కంప్యూటరుపై లెక్కగట్టు పనిలో పడితిని. ఇరువదేండ్లుగా అదియే నా వృత్తి. ఆ పని యేమిటో మన ఊరిలో ఇంతవరకు ఎవ్వరును నన్నడుగలేదు. అడుగదగిన సంగతియని నేనును అనుకొనలేదు. అయితే ఈ సభకు పిలుచుచు కార్యదర్శిగారు ఒక ప్రశ్న వేసిరి. బీరువాలలోని పాత పుస్తకములు పొడియగుచున్నవి, పెద్దలు పాడిన పాటల టేపులు కొన్ని కలవు, వీనినన్నిటిని కంప్యూటరు డిస్కులోనికి ఎక్కింప తలపెట్టితిమి, అందు వ్రాసినది ఎన్నాళ్లుండును అని. "చాలకాలముండును లెండి" అని ఒక్క మాటతో తప్పించుకొనవచ్చును. కాని ఆ ప్రశ్నకు సరియైన సమాధానము నేను చేయు లెక్కలలోనే ఉన్నది. కనుక దానినే ఈ పూట విన్నవించెదను.

ముందుగా ఒక తప్పును ఒప్పుకొనవలెను. మా తాతగారు భాగవత పద్యములు రాగయుక్తముగా చదివెడివారు. మా మేనమామ పట్టణమునుండి టేపురికార్డరు తెచ్చి, వారిచేత చదివించి ఒక క్యాసెట్టు నిండ పట్టెను. నాకప్పుడు పదేండ్లు. తాతగారు పోయిన మరుసటి యేడు, రేడియోలో వచ్చిన సినిమా పాటలను పట్టుకొనుటకు ఖాళీ క్యాసెట్టు దొరకక, ఆ క్యాసెట్టునే పెట్టి మీట నొక్కితిని. రెండు మీటలు, అరగంట కాలము. తాతగారి కంఠము పోయినది. ఆ దినమున మా అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టియున్న బాగుండెడిది.

తాటియాకుపై గంటముతో వ్రాసినదానిపై మరల వ్రాయబోయినచో ఆకు చినుగును. పాత అక్షరము మొండికెత్తును. టేపుపై అట్లు కాదు. అచ్చట వ్రాయుటయు చెరుపుటయు ఒకే క్రియ. సులభముగా వ్రాయబడు వస్తువు సులభముగా చెరుగును. ఈ రంగములోని కష్టమంతయు ఈ ఒక్క సంగతినుండియే పుట్టుచున్నది.

1898లో డెన్మార్కు దేశీయుడగు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కుతీగపై మాటను అయస్కాంతరూపమున నిలుపు యంత్రమునకు హక్కుపత్రము కోరెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్సిస్ జోసెఫ్ ఆ యంత్రమునెదుట పలికిన కొలది మాటలు నేటికిని వినవచ్చును. చక్రవర్తి పోయెను, సామ్రాజ్యము పోయెను, తీగలోని మాట మిగిలినది. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చి, వానిపై 50 లక్షల అక్షరములు పట్టునట్లు చేసెను. ఆ యంత్రము ఒక పెద్ద బీరువా అంత యుండెడిది. నేడు అరచేతిలో ఇముడు డిస్కులో 20 లక్షల కోట్ల అక్షరములకు మించి పట్టుచున్నవి. దీనికై చేసినదంతయు ఒకటే: వ్రాత నిలుచు చోటును చిన్నది చేయుట.

ఆ చోటు ఎట్టిదో చూతము. డిస్కుపై పూసిన పలుచని లోహపు పొర నునుపుగా కనబడును గాని, అది సన్నని రేణువుల కూర్పు. ఒక్కొక్క రేణువు వెడల్పు 8 నానోమీటర్ల వరకుండును. అనగా మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో వానిలో ఎనిమిది. ప్రతి రేణువును ఒక చిన్న దిక్సూచి ముల్లు వంటిది. ఉత్తరముఖము పైకి ఉండవచ్చును, క్రిందికి ఉండవచ్చును, నడుమ నిలువజాలదు. కొన్ని రేణువులు కలిసి పైకి చూచిన ఒకటి, క్రిందికి చూచిన సున్న. అక్షరములు, పాటలు, పటములు అన్నియు ఈ ఒకట్లు, సున్నలే.

పైదిశకును క్రిందిదిశకును నడుమ ఒక గట్టు కలదనుకొనుడు. పొలములో ఈ మడి నీరు ఆ మడికి పోకుండ గట్టు ఆపును గదా, అట్లే. రేణువు తలక్రిందులు కావలెనన్న ఆ గట్టు దాటవలెను. ఇక్కడొక చిక్కు కలదు. వేడి గల ప్రతి వస్తువులోను అణువులు నిరంతరము కుదుపులాడుచుండును. ఆ కుదుపులో రేణువు తానుగానే గట్టు దాటుటకు సెకండునకు సుమారు 100 కోట్ల మారులు ప్రయత్నించును. గట్టు ఎత్తైనదైన ప్రతి ప్రయత్నము విఫలమగును. లోతక్కువదైన ఎప్పుడో ఒకప్పుడు దాటును; వ్రాత తప్పిపోవును.

ఈ లెక్కను 1949లో తేల్చినవాడు ఫ్రాన్సు దేశపు లూయీ నీల్. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చెను. ఆయన లెక్క కంప్యూటరు డిస్కుకొరకు చేసినది కాదు. అప్పటికి ఆ డిస్కు పుట్టలేదు. కాల్చిన మట్టికొరకు చేసినది! మన కుమ్మరి ఆవములో కుండలు ఎఱ్ఱగా కాలునప్పుడు మట్టిలోని ఇనుపరేణువులు తమ దిశను మరచిపోవును. ఆవము చల్లారునప్పుడు భూమి యొక్క అయస్కాంత క్షేత్రము ఎటు చూపిన అటు తిరిగి, అటులనే బిగిసిపోవును. వేలయేండ్ల తరువాత త్రవ్వకములలో దొరికిన పొయ్యిని పరీక్షించి, అది చల్లారిన నాడు భూమి అయస్కాంతపు ఉత్తరము ఎటుండెనో చెప్పగలుగుట ఇందువలననే. అంత బలహీనమైన భూమి క్షేత్రము వ్రాసినది అన్ని వేలయేండ్లు ఎట్లు నిలిచినది? నీల్ వేసికొన్న ప్రశ్న అదియే.

ఆయన సూత్రమును కొన్ని అంకెలలో చెప్పెదను, అంకెలకు భయపడవలదు. గట్టు ఎత్తును వేడికుదుపుతో భాగింపగా 60 వచ్చినదనుకొందము. ఆ రేణువు తన దిశను సగటున 360 కోట్ల సంవత్సరములు నిలుపుకొనును. 40 వచ్చినచో ఏడున్నర సంవత్సరములు. 30 అయినచో మూడు గంటలు. 20 అయినచో అర సెకండు. గట్టు ఎత్తు రేణువు ఘనపరిమాణమును బట్టి యుండును. రేణువు అన్ని కొలతలలోను అయిదవ వంతు తగ్గినచో ఘనపరిమాణము ఇంచుమించు సగమగును. అనగా 60 కాస్త 30కి దిగును. 360 కోట్ల సంవత్సరములు మూడు గంటలకు దిగును! ఇంకొకటి. 27 డిగ్రీలవద్ద ఏడున్నరేండ్లు నిలుచునట్టి రేణువు, మన రోహిణికార్తెలో 45 డిగ్రీలవద్ద తొమ్మిది నెలలకు మించి నిలువదు. డిస్కులు చేయువారికి ఇది తెలియును గనుక 60కి తగ్గకుండ చూచుకొందురు. కంగారు పడవలసినది లేదు. అయినను చిన్నది చేయుటకు హద్దు ఎచ్చట వచ్చునో మీకిప్పుడు తెలిసినది.

రేణువు చిన్నదైనను గట్టును ఎత్తు చేయవచ్చును గదా యని మీరనవచ్చును. చేయవచ్చును, ప్లాటినము కలిపిన మిశ్రలోహములు అందులకే. కాని గట్టు ఎత్తు చేసినకొలదిని వ్రాయుట కష్టమగును. 1981లో షారాక్, మెకిన్నీ అను ఇరువురు చూపినదేమనగా, రేణువును త్రిప్పుటకు కావలసిన బలము మనము ఇచ్చు వ్యవధిని బట్టి మారును. సంవత్సరముల వ్యవధి ఇచ్చిన వేడికుదుపులే సగము పని చేసిపెట్టును. నానోసెకండు, అనగా సెకండులో 100 కోట్లవ వంతు మాత్రమే ఇచ్చిన, కుదుపులు అక్కరకు రావు. బలమంతయు మనమే చూపవలెను. నేటి డిస్కు ఒక గుర్తు వ్రాయుటకు అర నానోసెకండు మాత్రమే తీసికొనుచున్నది. అంతలో కాంతి సయితము అర అడుగు మాత్రమే పోగలదు. నిలకడ సంవత్సరములలోను, వ్రాత నానోసెకండులలోను ఉండవలెనని మనము కోరుచున్నాము. ఈ రెండింటి బేరము తెగనే తెగదు.

ఇక నా వృత్తిలోని అసలు భాగము. ఆ అర నానోసెకండులో రేణువు లోపల ఏమి జరుగును? కంటికి కనబడదు, సూక్ష్మదర్శినికిని అందదు. లెక్కగట్టి చూడవలసినదే.

మనము బొంగరమాడినవారమే. తిరుగుచున్న బొంగరము ప్రక్కకు ఒరిగినను వెంటనే పడిపోదు. భూమి దానిని క్రిందికి లాగుచుండగా అది క్రిందికి పోక, తల చుట్టు త్రిప్పుచు పోవును. తిరుగని బొంగరము మాత్రము పడిపోవును. రేణువులోని ఎలక్ట్రానులు బొంగరముల వంటివి. కనుక అయస్కాంత క్షేత్రము లాగినప్పుడు రేణువు దిశ క్షేత్రమువైపునకు సూటిగా తిరుగదు. దానిచుట్టు ప్రదక్షిణము చేయును. ఒక టెస్లా బలము గల క్షేత్రములో సెకండునకు 2,800 కోట్ల ప్రదక్షిణములు. ఒరపిడి యేమియు లేనియెడల ఆ ప్రదక్షిణము ముగియదు, దిశ యెన్నటికిని మారదు. ఒరపిడి యున్నందుననే చుట్టులు బిగిసి, చివరకు క్షేత్రము చెప్పినట్లు ఒదుగును.

ఈ నడకకు సమీకరణము వ్రాసినవారు సోవియట్ శాస్త్రజ్ఞులు లాండౌ, లిఫ్‌షిట్జ్, సంవత్సరము 1935. ఒరపిడి పెద్దదైనచో ఆ సమీకరణము సరిగా నడువదని కనిపెట్టి 1955లో అమెరికాలో గిల్బర్ట్ దానిని దిద్దెను. ఆయన దిద్దుబాటు అప్పుడు ఒక చిన్న సంగ్రహముగా మాత్రమే అచ్చుపడెను. ఆ కొద్ది పంక్తులనే ఉదాహరించుచు ప్రపంచమంతయు ఇంచుమించు అర్ధశతాబ్దము పని నడపెను. పూర్తి వ్యాసము 2004లో గాని వెలువడలేదు. గ్రంథాలయములో నిలిచి చెప్పుచున్నాను గనుక ఈ మాట చెప్పవలెననిపించినది.

ఒరపిడి ఎంత యుండవలెను? తక్కువైనచో దిశ మారినపిదప కూడ రేణువు ఊగుచునే యుండును. ఎక్కువైనచో ముదురుపాకములో గరిటె త్రిప్పినట్లు మెల్లగా కదలును. 1956లో కికుచి లెక్కగట్టి, గుండ్రని రేణువునకు గిల్బర్ట్ సంఖ్య 1 అయినపుడు దిశ అతిత్వరగా మారునని చూపెను. ప్రకృతి మనకిచ్చినదో, నికెలు ఇనుముల మిశ్రలోహములో 0.01 ప్రాంతము.

ఒక్క రేణువు లెక్క కాగితముపై చేయవచ్చును. కాని ప్రతి రేణువును తన పొరుగువారి అయస్కాంతమును అనుభవించును. ఒక మైక్రాను చదరము, పది నానోమీటర్ల మందము గల ముక్కను తీసికొని రెండేసి నానోమీటర్ల గళ్లుగా విభజించిన 12 లక్షల 50 వేల గళ్లు వచ్చును. ఒక్కొక్క గడి తక్కిన అన్నింటిపైనను పనిచేయును. అనగా లక్షన్నర కోట్ల జతలు. ఒక నానోసెకండు నడక చూడవలెనన్న ఆ లెక్కను లక్ష మారులు చేయవలెను. ఫూరియే పద్ధతి యొకటి లేకున్న ఈ పని సాధ్యము కాకపోవును. దానివలన లెక్క వేలవంతులు తగ్గును. అయినను రాత్రి కంప్యూటరును పనికి పెట్టి, తెల్లవారి వచ్చి చూచుకొనుట మా వంటివారికి అలవాటు.

లెక్క సరియైనదో కాదో తెలియుటెట్లు? ఇక్కడనే నాకొక గుణపాఠము కలిగినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు రెండు మైళ్ల పొడవు గల ఎలక్ట్రాను యంత్రము కలదు. అందుండి ఇంచుమించు కాంతివేగముతో వచ్చు ఎలక్ట్రానుల గుంపును అయస్కాంతపు పొరగుండ పంపినచో, దానిచుట్టు పికోసెకండుల పాటు మాత్రమే మిక్కిలి బలమైన క్షేత్రము పుట్టును. పికోసెకండనగా నానోసెకండులో వెయ్యవ వంతు. 1999లో కోబాల్టు పొరలపై వెలువరించిన ప్రయోగములలో, సమీకరణము చెప్పిన రీతిగనే అందమైన ఆకృతులు ఏర్పడెను. మేమందరము సంతోషించితిమి.

2004 ఏప్రిలులో అచ్చటివారే డిస్కులలో వాడునట్టి రేణువుల పొరపై 2.3 పికోసెకండుల తాకిడితో చేసిన ప్రయోగమును ప్రకటించిరి. సమీకరణము ప్రకారము ఒక తాకిడికి తిరుగబడిన రేణువు రెండవ తాకిడికి మరల మొదటి దిశకు రావలెను. తలుపు ఒక నెట్టుకు తెరచుకొని, మరొక నెట్టుకు మూసికొన్నట్లు. అది జరుగలేదు. తాకిడి తరువాత తాకిడి ఇచ్చుకొలదిని పొర చెదరిపోయినది. ఏ రేణువు తిరుగునో ఏది తిరుగదో చెప్ప వీలులేకపోయినది. అంత బలమును అంత త్వరగా ప్రయోగించినపుడు రేణువులోని అయస్కాంతత్వము ఒకే బొంగరముగా నిలువక ముక్కలగుచున్నదని వారు భావించిరి.

నేనప్పుడు పరిశోధక విద్యార్థిని. నా లెక్కలలో ప్రతి రేణువును ఒకే బొంగరము. ఆ సంవత్సరమంతయు నేను గీసిన పటములలో రేణువులు ఆజ్ఞాపించినట్లు తిరిగెడివి. మా ఆచార్యులు ఆ వ్యాసమును నా బల్లపై పెట్టి, "నీ పటములు చక్కగానే యున్నవి, ప్రకృతికి చూపితివా?" అని అడిగి వెడలిపోయిరి. ఆ రాత్రి నేను భోజనము చేయలేదు. లెక్కలో తప్పు లేదు. లెక్కకు పునాదిగా తీసికొన్న ఊహయే అంత తొందరను భరించలేకపోయినది.

అయితే దారి మూసికొనిపోలేదు, వేరుచోట తెరచుకొనినది. 1996లోనే ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గు శాస్త్రజ్ఞులు నికెలు పొరను 60 ఫెంటోసెకండుల లేసరు కాంతితో కొట్టి, పికోసెకండు గడువకముందే దాని అయస్కాంతత్వము చాలవరకు తగ్గిపోవుటను కనుగొనిరి. ఫెంటోసెకండనగా పికోసెకండులో వెయ్యవ వంతు. అంత వేడిలో బొంగరము దిశ మాత్రమే గాక దాని పొడవే మారును. పాత సమీకరణమునకు పొడవు మారుట తెలియదు. దానిని పొడిగించి 1997లో గారానిన్ వ్రాసిన సమీకరణము నేడు మాకు నిత్యకృత్యము. ఆ మీదట 2012లో ఇంగ్లండులోని యార్కు విశ్వవిద్యాలయమువారు అణువు అణువునకు లెక్కగట్టి, గెడోలినియము, ఇనుము, కోబాల్టు కలిసిన పొరను ఏ అయస్కాంత క్షేత్రమును లేకుండ, కేవలము వేడితాకిడితోనే తలక్రిందులు చేయవచ్చునని చెప్పిరి. సహకరించిన ప్రయోగకారులు చేసి చూపిరి. ఆ పొరలో ఇనుము, గెడోలినియము ఎదురుబొదురుగా నిలుచును. వేడి తగిలినపుడు ఇనుము ముందు లొంగి 300 ఫెంటోసెకండులలో సున్న దాటును; గెడోలినియమునకు 1,500 కావలెను. ఆ నడుమ కొద్ది వ్యవధిలో రెండును ఒకే దిక్కునకు చూచును. బద్ధవిరోధులు ఒక్క క్షణము ఒకే అరుగుపై కూర్చున్నట్లుండును! ఈ మారు లెక్క ముందు నడచినది, ప్రయోగము వెనుక వచ్చినది.

ఇది యింకను ప్రయోగశాల మాట. అంగడికి వచ్చిన డిస్కులలో మరొక ఉపాయము వాడుకలోనికి వచ్చినది. వ్రాయు తలలోనే చిన్న లేసరు నుంచి, రేణువును 400 డిగ్రీలకు పైగా వేడిచేసి, గట్టు కరిగిన క్షణమున దిశ మార్చి, నానోసెకండులో చల్లార్చుచున్నారు. చల్లారినంతనే గట్టు మరల లేచును, వ్రాత బిగిసిపోవును. మీరు గుర్తుపట్టియుందురు, ఇది కుమ్మరి ఆవమే. మనవాడు మూడు దినములలో చేయు పనిని వారు నానోసెకండులో చేయుచున్నారు.

కార్యదర్శిగారి ప్రశ్నకు వచ్చెదను. డిస్కుపై సక్రమముగా వ్రాసిన అయస్కాంతపు గుర్తు మన జీవితకాలములో తానుగా చెరుగదు. కాని డిస్కు అంటే గుర్తులు మాత్రమే కాదు. దానిని త్రిప్పు మోటారు, పొరకు కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలు తల, చదువు కంప్యూటరు. గుర్తు చెరుగుటకన్న ముందే వీనిలో ఏదో ఒకటి పాడగును. మరచితిని, కుఱ్ఱవాండ్రు జేబులో పెట్టుకొను పెన్‌డ్రైవులలో అయస్కాంతము లేనే లేదు, అందుండునది విద్యుదావేశము. దాని కథ వేరు. కనుక నా సలహా ఇది. ఒకటి కాక రెండు డిస్కులు వ్రాయించుడు. రెండవదానిని వేరొక ఊరి గ్రంథాలయములో నుంచుడు. అయిదేండ్లకొక మారు క్రొత్తవానిపైకి ఎక్కించు పని ఎవరిదో కార్యవర్గపు పుస్తకములో పేరుతో వ్రాసికొనుడు. పొడియగుచున్న పుస్తకములను మాత్రము తూకమునకు వేయవలదు.

మా తాతగారి క్యాసెట్టు ఇప్పటికిని నాయొద్దనే యున్నది. నేను పట్టిన సినిమా పాటలు ఆ ప్రక్క చివరివరకు రాలేదు. చిట్టచివర సుమారు నలువది సెకండులు ఖాళీగా వదలితిని. అచ్చట తాతగారి కంఠము, ఒక పద్యపు కడపటి పాదమును దగ్గును, ఇప్పటికిని వినబడును. తక్కినది తిరిగి వచ్చునదికాదు. నా పరికరములన్నింటితోను ప్రయత్నించి చూచితిని. ఆ క్యాసెట్టును నేడు వెంట తెచ్చితిని. మీరు డిస్కులోనికి ఎక్కించువానిలో దానినిగూడ చేర్చవలెనని కోరుచు, సభ ముగియగానే కార్యదర్శిగారికి అందజేసెదను.